పదకొండో షరతు

ఆ రోజు పొద్దున్న వెంకటరత్నమ్మ పొయ్యి మీద బోర్లించిన కుండకి గుడ్డ వేస్తోంది గానీ, చెవులు రెండూ వీధి గేటు దగ్గరే ఉన్నాయి. ఆ వేళకి ఆత్రేయపురంలో చాలా ఇళ్ళలో అదే పని. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, కాలుతున్న కుండ మీద పరిచి లాగేస్తే చాలు, ఉల్లిపొరలాంటి రేకు లేచి వస్తుంది. నలభై ఏళ్ళుగా పూతరేకులు తీస్తున్న చెయ్యి. అలాంటిది ఆ పూట వరసగా మూడు రేకులు చిరిగాయి. "పాడు కుండ!" అని తిట్టింది. కుండ తప్పేం లేదు పాపం.

తొమ్మిది కొట్టకుండానే గేటు చప్పుడైంది. రెబెక్కా వచ్చింది. చేతులు సబ్బుతో కడుక్కుని, తిన్నగా హాల్లోకి వెళ్ళి, చక్రాల కుర్చీలో ఉన్న సత్యశ్రీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"గుడ్ మార్నింగ్ సత్యా! రాత్రి నిద్ర పట్టిందా? ముందు స్నానం చేద్దామా, ఎక్సర్‌సైజులా?"

పెరటి గుమ్మంలోంచి అది విని వెంకటరత్నమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. మనవరాలికి పదమూడేళ్ళు. పుట్టగానే ఏడవలేదు, మెదడుకి ఊపిరి అందలేదన్నారు. నడక లేదు, మాట లేదు, మెడైనా ఎంతోసేపు నిలవదు. అలాంటి పిల్లని పట్టుకుని స్నానమా ఎక్సర్‌సైజులా అని అడగడం, జవాబు కోసం కాచుక్కూర్చోవడం! గోడని అడిగినా అంతేగా!

ఇలాంటి పిల్లల ఇళ్ళకి ప్రభుత్వ ఖర్చుతో ఒక మనిషిని పంపే ఏర్పాటు కిందటేడు ఆ చుట్టుపక్కల మొదలైంది. రెబెక్కా అలా వచ్చిందే. రోజుకి నాలుగ్గంటలు, వారానికి ఆరు రోజులు. ఏడాదికోసారి ఒప్పందం తిరగరాసుకోవాలి. ఆ ధైర్యంతోనే కోడలు మధులత రావులపాలెంలో టీచరు ఉద్యోగంలో మళ్ళీ చేరింది. ఒప్పందం కాగితాన్ని బీరువా తలుపుకి అంటించింది కూడా. మొత్తం పదకొండు షరతులు. వెంకటరత్నమ్మ ఏడో తరగతి చదివింది, చదవడం బాగానే వచ్చు. కానీ తనకి కావలసినవే కంఠతా పట్టింది. పైగా అస్తమానం వాటినే ఎత్తిపొడిచేది.

"రెండో షరతు చూశావా మధూ? ఇంటిపని చెప్పకూడదంట! గ్లాసు కడగదంట, చీపురు ముట్టదంట. మహారాణి!"

"సత్య పని సరిగ్గా జరగాలనే కదత్తయ్యా అలా పెట్టారు."

"ఏం పని? ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పడమూ ఒక పనేనా?"

అసలు బాధ గ్లాసు గురించి కాదు. అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు, తనకి తానైనా చెప్పుకోలేదు. మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ సత్యశ్రీ కుర్చీ పొద్దున్న పూట పొయ్యి పక్కనే ఉండేది. రేకులు తీస్తూ వెంకటరత్నమ్మ దానితో చెప్పని మాట లేదు. మొగుడు పోయిన దిగులు, కోడలి మీద గుర్రు, కొడుకు పెడసరం, పక్కింటావిడ గొప్పలు అన్నీ దాని ముందే. ఎవరితో అన్నా పది నోళ్ళు దాటుతుంది. దీనికేం తెలుసు, దీని దగ్గర భయమేముంది? రెబెక్కా వచ్చాక ఆ కుర్చీ హాల్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి దగ్గర ఆవిడ ఒంటరిదైపోయింది. ఇదివరకు ఆవిడ గొంతు వింటే ఇటు తిరిగే పిల్ల తల, ఇప్పుడు గేటు చప్పుడుకి అటు తిరుగుతోంది.

అందుకే ఎనిమిదో షరతు పట్టుకుంది. 'సేవలపై కుటుంబ సభ్యులు ఫిర్యాదు చేయవచ్చు' అని కింద ఫోన్ నంబరు ఉంది. పోయిన శుక్రవారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చేసేసింది.

పదింటికి సుప్రియ వచ్చింది. ఒప్పందాలు చూసే అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయేమో, చంకలో ఫైలు. ఒప్పందం తిరగరాసే రోజని మధులత బడికి సెలవు పెట్టింది. కొడుకు మణిశంకర్ కూడా ధవళేశ్వరంలో ఆఫీసుకి ఒక పూట పర్మిషన్ అడిగి ఉండిపోయాడు.

"సంతకాల కంటే ముందు ఒక విషయమండి" అంది సుప్రియ కుర్చీలో కూర్చుంటూ. "రెబెక్కా గారిని మార్చాలని మీ ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది. పిల్లని సరిగ్గా చూడదు, ఊరికే కాలక్షేపం చేస్తుంది అని."

మధులత మొహంలో నెత్తురు చుక్క లేదు. "మా ఇంటి నుంచా? ఎవరు చేశారండీ?"

రెబెక్కా తల దించుకుంది. ఇక దాచి ఏం లాభమని వెంకటరత్నమ్మే ముందుకొచ్చింది.

"నేనే చేశాను. ఏం, నాకు హక్కు లేదా?"

"అత్తయ్యా!" మధులత ఆవిడ వైపు తిరిగింది. "ఈవిడ వెళ్ళిపోతే ఇంకొకరు వచ్చేదాకా ఎన్ని నెలలు పడుతుందో తెలుసా మీకు? నా ఉద్యోగం సంగతి పోనివ్వండి. దాని వీపు మీద పుండ్లు మానింది ఎవరి చేతులతోనండీ? రెండు ముద్దలు పొలమారకుండా తింటోందంటే ఎవరి పుణ్యమది?"

"పదమూడేళ్ళు మేం పెంచలేదా? నేను ఎత్తుకోలేదా దాన్ని?"

"అమ్మా, ఊరుకో" అన్నాడు మణిశంకర్.

"నువ్వూరుకోరా! నీ పెళ్ళాన్ని అనవు గానీ నన్నంటావు."

సుప్రియ ఫైలు మూసింది. "మామ్మగారూ, మీ ఫిర్యాదు మాకు ముఖ్యమేనండి. అయితే పదకొండో షరతు ఉంది కదా. పన్నెండేళ్ళు నిండిన పిల్లలైతే, మనిషిని ఉంచాలన్నా మార్చాలన్నా ఆ పిల్లల మాట కూడా అడిగి రాసుకోవాలి. అడిగేటప్పుడు రోజూ చూసే మనిషి గదిలో ఉండకూడదు."

వెంకటరత్నమ్మ నోరు తెరిచేసింది. ఆ కాగితాన్ని ఏడాదిగా చూస్తోంది. పదకొండో దాకా ఏనాడూ వెళ్ళలేదు.

"దాన్ని అడుగుతారా? చోద్యం కాకపోతే... అది చెబుతుందా అమ్మా?"

"చెబుతుందండీ" అంది రెబెక్కా మెల్లగా. "అవును అంటే కళ్ళు పైకెత్తుతుంది. కాదు అంటే గట్టిగా మూసుకుంటుంది. మొదటి నాలుగు నెలలూ నాకూ తెలీలేదండీ. కాస్త ఆగాలండీ, అంతే. తనకి టైం పడుతుంది." అలా చెప్పి వీధి అరుగు మీదకి వెళ్ళి కూర్చుంది.

"మధూ, నీకు తెలుసా ఇది?" అన్నాడు మణిశంకర్.

మధులత కళ్ళు నిండిపోయాయి. "తెలుసు. రెండుసార్లు నేనూ అడిగాను. జవాబు వచ్చింది. కానీ నమ్మడానికి భయమేసిందండీ. నిజం కాకపోతే తట్టుకోలేనని ఎవరికీ చెప్పలేదు."

సుప్రియ పిల్లకి ఎదురుగా కూర్చుంది. "నీ పేరు సత్యశ్రీయేనా?"

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్ల చెయ్యి బిగుసుకుంది, మెడ పక్కకి వాలి మళ్ళీ లేచింది. తర్వాత నల్లగుడ్లు రెండూ మెల్లగా పైకి వెళ్ళాయి.

"నీ పేరు వెంకటరత్నమ్మా?"

కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. పెదవి వంకర తిరిగి, గొంతులోంచి చిన్న శబ్దం. అది నవ్వేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆఁ, పైన ఫ్యాను తిరుగుతోంది, చూసింది" అంది వెంకటరత్నమ్మ. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు.

"అయితే మీరే అడగండి మామ్మగారూ. మాకెవరికీ తెలియనిది."

ఆవిడ కొంగు బిగించి మనవరాలి ముందుకొచ్చింది. పిల్ల మొహంలోకి అలా సూటిగా చూసి ఎన్నాళ్ళయిందో! రోజూ మూతి తుడిచేది, జడ వేసేది. కళ్ళలోకి చూడ్డం మాత్రం ఏనాడో మానేసింది. ఏం అడగాలి? ఒకటి తట్టింది.

"సత్యా, పోయిన శ్రావణంలో నేను పెరట్లో జారి పడ్డాను కదే. ఎవరికీ చెప్పకు అన్నాను. దెబ్బ కుడి మోకాలికా?"

ఆగింది. రెబెక్కా ఆగమంది కదా అని ఆగింది. పిల్ల కళ్ళు మూసుకున్నాయి.

"ఎడమ మోకాలికా?"

కళ్ళు పైకి లేచాయి.

"నువ్వెప్పుడు పడ్డావే అమ్మా!" అంటున్నాడు కొడుకు. ఆవిడకి వినపడలేదు. ఎడమ మోకాలే. పసుపు రాసుకుంటూ దీని పక్కన కూర్చునే ఏడ్చింది. కొడుక్కి చెబితే పొయ్యి మాన్పించేస్తాడని భయపడింది.

"నేను ఏడ్చానా అప్పుడు?"

పైకి.

"పప్పులో ఉప్పు ఎక్కువేసి, ఆ తప్పు మీ అమ్మ మీదకి నెట్టానని చెప్పాను... అదీ గుర్తుందా?"

పైకి. మళ్ళీ ఆ చిన్న నవ్వు. వెనక మధులత ఏడుస్తూ ఏడుస్తూ ఫక్కున నవ్వేసింది.

వెంకటరత్నమ్మ నేల మీద చతికిలబడింది. ఓరి దేవుడా! ఇన్నేళ్ళ కబుర్లు! ప్రతి పొద్దునా, ప్రతి మాటా ఈ పిల్ల వింది. విని దాచుకుంది. గోడనుకున్న చోట ఇంత మనిషి కూర్చుని ఉంది! పెద్ద గోదారి మొదటిసారి చూసిన చిన్నపిల్లలా ఆవిడ మనవరాల్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఎక్కడో లోపల భయం, భయం కంటే ఎక్కువ ఆశ్చర్యం.

అప్పుడు గుర్తొచ్చింది ఆ మాట. ఒకసారా, వందసార్లు అని ఉంటుంది. నేను పోతే నిన్నెవరు చూస్తారే, నాకంటే ముందు ఆ దేవుడు నిన్ను తీసుకుపోతే నిశ్చింతగా పోతాను అని. ప్రేమతోనే అంది, దిగులుతో అంది. అయినా అంది. అది వింటూ ఈ పిల్ల పక్కనే కూర్చుంది. లేచి వెళ్ళిపోలేదు, తిరిగి ఒక్క మాట అనలేదు.

ఆవిడ పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టి, ఇద్దరికే వినపడేంత గొంతుతో అడిగింది.

"నిన్ను దేవుడు తీసుకుపోవాలని అనేదాన్ని... అదీ విన్నావా తల్లీ?"

తలెత్తి చూసింది. కళ్ళు పైకి లేచి ఉన్నాయి.

"కోపం వచ్చిందా?"

కాదంటుందేమో, పసిది, జాలిపడుతుందేమో అని ఎక్కడో ఆశ. పిల్ల కళ్ళు కిందికి దిగాయి. మామ్మ మొహం మీద ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ పైకి వెళ్ళాయి. అక్కడే నిలిచాయి. అలా నిలపడానికి మెడంతా వణుకుతోంది, అయినా దించలేదు.

వెంకటరత్నమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. కొడుకు కంగారుగా వంగి పట్టుకోబోయాడు.

"వదలరా! నాకేం కాలేదు. కోపమంటరా దానికి! నా మీద కోపం వచ్చిందంట! ఎంత పెద్దదైపోయిందో చూడరా నా తల్లి!"

సుప్రియ కూడా కళ్ళద్దాలు తుడుచుకుంది. తర్వాత అడిగింది. "సత్యశ్రీ, రెబెక్కా గారు ఇంకో ఏడాది రావాలా?"

ఈసారి ఆగాల్సిన పనే లేకపోయింది. కళ్ళు చటుక్కున పైకెగిరాయి.

"రాసుకోమ్మా" అంది వెంకటరత్నమ్మ ముక్కు చీదుకుంటూ. "నా ఫిర్యాదు కొట్టెయ్యి. రెబెక్కా సరిగ్గా చూడకపోవడం కాదు, నేనే చూడలేదు." కాగితం మీద సత్యశ్రీ వేలిముద్ర కింద, కుటుంబ పెద్దగా సంతకం పెట్టింది.

తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "మామ్మ నీ పక్కన కూర్చోనా కాసేపు?"

పిల్ల ఆలోచించింది. ఆలోచిస్తోందని అందరికీ కనపడుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

మధులత కంగారుపడిపోయింది. "సత్యా, అలా అనకూడదమ్మా..."

"ఎందుకనకూడదు? దాని ఇష్టం!" అత్తగారు కోడల్ని కసిరింది. కళ్ళలో నీళ్ళు, మొహమంతా వెలుగు. "వద్దంది. సరే తల్లీ. నువ్వు ఎప్పుడంటే అప్పుడే."

అరుగు మీదకి వచ్చి రెబెక్కా పక్కన కూలబడింది. ఆ అమ్మాయి గబుక్కున లేవబోయింది.

"కూర్చోమ్మా. నీ మీద లేనిపోనివి చెప్పాను. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, అంత మాటెందుకండీ మామ్మగారూ."

"నన్ను పొమ్మందమ్మా లోపల."

"పొమ్మందాండీ?" రెబెక్కా భయంగా చూసింది.

"ఆఁ! చక్కగా పొమ్మంది." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎంతసేపు ఆగాలన్నావు, జవాబు కోసం?"

"ఆగినంతసేపూ ఆగాలండీ."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. వీధిలో పాలవాడు వెళ్ళాడు. పెరట్లో పొయ్యి ఆరిపోయి ఉంటుంది, పిండి పులిసిపోతుంది. వెంకటరత్నమ్మకి ఆ ధ్యాసే లేదు. లోపల మధులత గొంతు ఏదో అడుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ అడుగుతోంది. అంతలో గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, రమ్మంటోంది!"

వెంకటరత్నమ్మ స్తంభం పట్టుకుని లేచింది. "నిజంగానా? నువ్వు చెప్పిస్తే అందా, తనకి తానే అందా?"

"మామ్మని పిలవనా అన్నానంతే. కళ్ళు పైకెత్తింది, ఇంకా దించలేదు. మెడ నొప్పెడుతుందేమో, తొందరగా రండి!"