తుఫాను షెల్టర్ దగ్గర రెండో పిలుపు

అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తుంటే, ఒక ఊరి చివర కాలవ గట్టు పక్కన తుఫాను షెల్టర్ ఉంది. ఊరి పేరు మాత్రం అడక్కండి. ఆ ఊళ్ళో పెళ్ళీడు పిల్లలున్నారు, చెడ్డపేరు నా నోటి మీదుగా వెళ్ళకూడదు.

కింద స్తంభాలు, పైన ఒక పెద్ద గది, బయటినుంచి సిమెంటు మెట్లు. కిటికీలకి తలుపులు ఎప్పుడో పోయాయి. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత కట్టారు దాన్ని. ప్రాణాలు కాపాడ్డానికి కట్టారే గానీ, పొద్దుగూకాక ఆ చాయలకి వెళ్ళే మనిషి లేడు. ఉప్పెనలో పోయినవాళ్ళని, ఇప్పుడు అది ఉన్న దిబ్బ మీదే వరసగా పడుకోబెట్టారట. దక్షిణపు గాలి తిరిగితే అక్కడ పేర్లు వినపడతాయట... మనుషుల పేర్లు.

"అట" అంటున్నాను, గమనించారా? నేను వినలేదు. విన్నాయన నాకు చెప్పాడు. అదీ ఎక్కడ? మోపిదేవిలో, సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో. అక్కడ కూర్చుని అబద్ధం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

ఆయన పేరు నాగేశ్వరరావు గారు. యాభై అయిదేళ్ళుంటాయి. కాస్త వరి, రెండు రొయ్యల చెరువులు. అన్నదానం వరసలో నా పక్కనే కూర్చున్నాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో ఎవరినో "నాగేశ్వర్రా—" అని పిలిచారు. ఆ పేరు పూర్తి కానే లేదు...

ఈయన విస్తరి ముందునుంచి ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. "ఆఁ! వస్తున్నా! వస్తున్నా!" అని కేక పెట్టాడు.

పిలిచింది ఈయన్ని కాదు. అందరూ నవ్వారు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు గానీ, ముద్ద నోటి దాకా వెళ్ళడం లేదు. "ఏమైందండీ?" అన్నాను. అప్పుడు చెప్పాడు. మీరూ కాస్త ముందుకు జరగండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఉప్పెన నాటికి ఆయనకి ఎనిమిదేళ్ళు. చెల్లెలు హేమకి అయిదు. హేమకి ఒక అలవాటు. అన్నయ్య అనేది కాదు. అమ్మ ఎలా పిలిస్తే అలాగే, దీర్ఘం తీసి "నాగేశూ..." అని పిలిచేది. అమ్మ మొట్టికాయ వేసేది. కిలకిలా నవ్వి మళ్ళీ అలాగే పిలిచేది.

ఆ రాత్రి నీళ్ళు తాటిచెట్టు ఎత్తున వచ్చాయి. వాళ్ళమ్మ రాజ్యలక్ష్మమ్మ గారి రెండు చేతుల్లో ఇద్దరు పిల్లలు. రెండు చేతులూ విడిపోయాయి. ఈ పిల్లాడు తుమ్మచెట్టు ముళ్ళకి చిక్కుకుని ఆగాడు. కటిక చీకటి. ఎక్కడినుంచో అమ్మ గొంతు...

"నాగేశూ..."

పలికాడు.

"హేమా..."

ఎవరూ పలకలేదు.

అంతే. బతికినవాళ్ళు బతికారు. మళ్ళీ గుడిసె వేసుకున్నారు, మళ్ళీ నాట్లేశారు. కానీ రాజ్యలక్ష్మమ్మ గారు కొడుక్కి ఒక మాట గట్టిగా నేర్పింది. "రాత్రిపూట బయట నిన్నెవరన్నా పేరుపెట్టి పిలిస్తే వెంటనే పలక్కు నాయనా. మూడో పిలుపు దాకా ఆగు. పోయినవాళ్ళు రెండుసార్లే పిలవగలరు. మూడోసారి పిలిచింది బతికున్న మనిషి."

ఆ మాటని ఆయన ఒక్కనాడు కూడా తప్పలేదు.

ఇక ఇప్పటి సంగతి. పోయినేడు బందరు నుంచి యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. మేధ అని ఒక అమ్మాయి, పీహెచ్‌డీ చేస్తోంది. ఆవిడ వెనక నలుగురు విద్యార్థులు, పైన ప్రొఫెసర్ అనంతకృష్ణ గారు. ఊరి జ్ఞాపకాలని ఊరివాళ్ళ గొంతుల్లోనే దాచాలని వాళ్ళ ప్రాజెక్టు. దాచేది కూడా ఏ లైబ్రరీ బీరువాలోనో కాదు — ఆ ఊళ్ళోనే, ఆ షెల్టర్‌లోనే.

మంచి ఆలోచనే. పిల్లలు కూడా మంచివాళ్ళు. చాపల మీద కూర్చుని ముసలివాళ్ళతో గంటలు గంటలు మాట్లాడేవారు. ముందుగా ఒప్పుకుంటున్నట్టు కాగితాల మీద వేలిముద్రలు తీసుకున్నారు.

"ఇది వేస్తే పెన్షన్ ఏమన్నా ఆగుద్దా అమ్మాయ్?" అని ఒకావిడ.

"ఆగదు మామ్మగారూ."

"పోనీ పెరుగుద్దా?"

"అదీ లేదండీ..."

"మరెందుకే తల్లీ ఈ సిరా ఖర్చు!"

అలా నవ్వుకుంటూనే అందరూ చెప్పారు. ఒక్క రాజ్యలక్ష్మమ్మ గారు తప్ప. మూడుసార్లు మేధని గుమ్మంలోంచే పంపేసింది. నాలుగోసారి ఆ అమ్మాయి రికార్డర్ సంచిలోంచి తియ్యకుండా, పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసిపెట్టింది. సాయంత్రమైంది. అప్పుడు ఆవిడే అంది, "తియ్యవే నీ మిషను."

"ఆ రాత్రి ఎలా పిలిచారో... ఒక్కసారి అలా పిలుస్తారా అమ్మమ్మగారూ?" అని మేధ మెల్లగా అడిగింది.

పిలిచింది. డెబ్భై ఏళ్ళు దాటిన ఆ గొంతులోంచి పాతికేళ్ళ తల్లి గొంతు వచ్చిందట. వంటింట్లో ఉన్న కోడలు జానకి చేతిలో గరిటె జారిపోయిందట.

షెల్టర్‌లో ఒక పెట్టె బిగించారు. గోడల్లో చిన్న స్పీకర్లు, పైన సోలార్ ప్యానెల్. ఎవరైనా దగ్గరికి నడిచివస్తే దానంతటదే పలుకుతుంది. ప్రారంభం రోజున ఊరంతా వచ్చింది. చీకటి గదిలో ఒక్కొక్క గొంతూ ఒక్కొక్క పేరు పిలుస్తుంటే మగవాళ్ళు కూడా కండువాలు నోట్లో కుక్కుకున్నారు. ప్రొఫెసర్ గారు దణ్ణం పెట్టి దిగారు. బజ్జీలు, టీ అయ్యాయి. పిల్లలు వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయారు.

పెట్టె ఉండిపోయింది.

మనిషి వస్తేనే పలకాలని దానికి తెలీదు కదండీ. మేక వెళ్ళినా పలుకుతుంది. కుక్క పడుకోవడానికి వచ్చినా పలుకుతుంది. అర్ధరాత్రి గబ్బిలం తిరిగినా... "హేమా..." అసలే చెడ్డపేరున్న చోటు. ఇక ఎవరు వెళ్తారు అటు?

నాగేశ్వరరావు గారి ఇల్లు అక్కడికి మూడొందల గజాలు. గాలి ఇటు తిరిగితే పిలుపు వసారాలోకి వచ్చేస్తుంది. రాజ్యలక్ష్మమ్మ గారు మంచం మీద లేచి కూర్చునేది. తెల్లారేదాకా అలాగే.

"పడుకోవే అమ్మా."

"ఎట్లా పడుకోనురా? పిలుస్తోందిగా."

"ఆ పిలిచేది నువ్వేనే!"

"నేనే. అందుకే."

నెల రోజులు గడిచేసరికి మనిషి సగమైంది. ఆయన మేధకి ఫోన్ చేశాడు.

"అయ్యో, సారీ అంకుల్. ప్రాజెక్టు గడువు అయిపోయింది, అయినా నేను టెక్నీషియన్‌ని తీసుకుని శనివారం వస్తాను. అమ్మమ్మగారికి అంత ఇబ్బందిగా ఉందా?"

"ఇబ్బందని కాదమ్మా... నిద్ర లేదు. పోతుందేమోనని భయంగా ఉంది."

ఆ రోజు గురువారం. శనివారం దాకా ఆగలేకపోయాడు. ఎలక్ట్రీషియన్ శ్రీనుని వెంటబెట్టుకుని మధ్యాహ్నమే షెల్టర్ ఎక్కాడు.

"పీకేసేదేనా మావయ్యా? ఆ అమ్మాయి ఏమన్నా అంటే?"

"నేను చెప్పుకుంటాలే. పీకెయ్."

శ్రీను వైరు పీకి, చుట్ట చుట్టి, ఆయన చేతిలోనే పెట్టాడు. అది గుర్తుంచుకోండి. పెట్టెకి ప్రాణం లేదని ఆయనకి తెలుసు. ఆ వైరు ఆయన ఇంట్లోనే మేకుకి వేలాడుతోంది.

ఆ రాత్రి ఎంత నిశ్శబ్దం! తొమ్మిదింటికే రాజ్యలక్ష్మమ్మ గారు దుప్పటి కప్పుకుంది. "ఇవాళైనా అత్తయ్య పడుకున్నారు" అని జానకి దేవుడికి ఇంకో దీపం పెట్టింది.

ఒంటిగంటకి కరెంటు పోయింది.

రొయ్యల చెరువున్నవాడికి కరెంటు పోవడమంటే ఏమిటో మీకు తెలుసుగా. నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగిపోతాయి, గాలందక సరుకంతా గంటలో తేలిపోతుంది. కాపలా కుర్రాడు పామర్రులో పెళ్ళికి వెళ్ళాడు. జనరేటర్ తనే వెళ్ళి వెయ్యాలి. చీకట్లో వసారా దాటుతూ మంచం వైపు చూశాడు. దుప్పటి ముద్దగా కనపడింది. పడుకుంది పిచ్చితల్లి, అనుకున్నాడు. చప్పుడు కాకుండా బండిని వీధి చివరిదాకా నెట్టుకెళ్ళి అప్పుడు స్టార్ట్ చేశాడు.

గట్టెక్కాడు. ఎడమవైపు కాలవ. కుడివైపు షెల్టర్, నల్లగా... స్తంభాల మీద నిలబడి చూస్తున్నట్టుగా.

అటు చూడకూడదనుకున్నాడు. చూడలేదు కూడా. సరిగ్గా మెట్ల ఎదురుకి వచ్చాడు—

"నాగేశూ..."

అమ్మ గొంతు.

కాలు బ్రేక్ మీద పడింది. ఇంజన్ టక్కుమని ఆగిపోయింది. దాంతోపాటు లైటూ ఆరిపోయింది. చెవుల్లో తన గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు.

పెట్టె కాదు. వైరు ఇంట్లో ఉంది. అమ్మ కాదు. అమ్మ మంచం మీద ఉంది. మరి?

ఒకటి, అనుకున్నాడు.

"నాగేశూ..."

ఈసారి మెట్ల వైపునుంచి కాదు. ఎడమనుంచి. కాలవ వైపునుంచి. కాస్త దగ్గరగా... కాస్త సన్నగా.

రెండు.

పలకాలని నాలుక చివరిదాకా వచ్చిందట. ఎనిమిదేళ్ళప్పుడు తుమ్మచెట్టు మీదనుంచి పలికినట్టు ఒళ్ళంతా పలకబోయిందట. పళ్ళు బిగించాడు. స్వామీ, సుబ్రహ్మణ్యా... మూడో పిలుపు రానీ. వస్తే పలుకుతాను. వస్తే పరిగెత్తుతాను. రానీ...

ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలీదు. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి.

మూడో పిలుపు రాలేదు.

అమ్మ చెప్పిందే నిజం... అనుకుని, కిక్కు కొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. జనరేటర్ వేశాడు. రొయ్య బతికింది. ఇంటికి మాత్రం ఆ దారిన రాలేదు. తెల్లారేదాకా చెరువు గట్టునే కూర్చుని, అయిదింటికి చుట్టు తిరిగి వెనక గట్టు మీదుగా వచ్చాడు.

వసారాలో మంచం మీద దుప్పటి అలాగే ఉంది. తీసి చూస్తే — దిండు.

"జానకీ! అమ్మేదే?"

"అత్తయ్య పడుకునే ఉన్నారుగా..."

మిగతా మాట వినకుండానే పరిగెత్తాడు. ఎటు పరిగెత్తాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

షెల్టర్ కింది మెట్ల మీద పడి ఉంది రాజ్యలక్ష్మమ్మ గారు. కాలు పక్కకి తిరిగిపోయింది. చీర మంచుకి తడిసి ఒంటికి అంటుకుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి మాత్రం ఉంది. ఆయన గట్టు మీద నిలబడిన చోటికి, ఆవిడ పడిన చోటికి ఎంత దూరమనుకున్నారు? ఇరవై అడుగులు.

బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తుంటి ఎముక విరిగింది. అంతకంటే ఎక్కువ, చలి ఊపిరితిత్తుల్లోకి దిగింది. శనివారం మేధ వచ్చింది. మంచం పక్కన నేల మీద కూలబడి, "నావల్లే అంకుల్..." అని ఏడ్చింది. "లేదమ్మా, వైరు పీకించింది నేను" అన్నాడాయన. ఎవరి తప్పని పంచుకుంటారు ఇద్దరూ?

ఆ ముసలావిడ మేధ తల మీద చెయ్యి వేసింది. ఆగి ఆగి చెప్పింది. "పొద్దుగూకాక నా పిలుపు ఆగిపోయిందే అమ్మాయ్. ఇన్నాళ్ళూ రాత్రంతా పిలుస్తూనే ఉందిగా. ఉన్నట్టుండి ఆగిపోతే... పిల్ల ఎటని వస్తుంది? అందుకని నేనే వెళ్ళి పిలుద్దామనుకున్నా."

పదకొండో రోజు తెల్లవారుజామున పోయింది. అంతకుముందు సాయంత్రం, ఎవరూ లేనప్పుడు, ఆయన అన్నిరోజులుగా గొంతులో ఆపుకున్న మాట అడిగాడు.

"అమ్మా... మూడోసారి ఎందుకు పిలవలేదే? ఇంకొక్కసారి పిలిచుంటే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదే. నువ్వు చెప్పిన మాటకే గదా ఆగింది."

ఆవిడ ఆయన వైపు వింతగా చూసింది.

"మూడోసారేమిట్రా? నీ బండి చప్పుడు గుర్తుపట్టి పిలిచా. బండి ఆగింది. విన్నావనుకున్నా. వస్తున్నావు గదాని ఊరుకున్నా. ఆ పైన నాకు తెలివి లేదు."

"మరి... రెండోసారి పిలిచావుగా?"

"లేదు నాయనా. నేను పిలిచింది ఒక్కసారే."

ఆయన మంచం అంచు పట్టుకుని ముందుకు వంగాడట.

"నువ్వు రెండు విన్నావా?" అంది ఆవిడ, లేవబోతూ. "ఎటునుంచిరా? కాలవ వైపునుంచా?"

ఆయన తలూపాడు.

ఆ ముసలి మొహం నిండా వెలుగొచ్చిందట. నలభై ఏడేళ్ళలో ఎన్నడూ చూడని వెలుగు. కొడుకు చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. తిట్టినట్టు కాదు, నిష్ఠూరంగానూ కాదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టుగా మెల్లగా అంది —

"అయితే అది వచ్చిందిరా నాగేశూ... నువ్వే పలకలేదు."