బోర్లా వేసిన రాయి

ఢాం!

ట్రాలీ ఆటో వెనక రేకు ఖంగుమంటుంది.

హరిబాబు తల దించుకుని యాక్సిలరేటర్ మెలితిప్పుతాడు. పిట్టల తుపాకీ! రొయ్యల చెరువుల మీద వాలే కొంగల్ని బెదిరించేది. ఇంతవరకూ ఒక్క కొంగా చావలేదు. మనిషి వీపు మాత్రం జల్లెడైపోతుంది!

వెనక బొలేరో. అందులో యుగంధర్. నాగాయలంకలో ఎనభై ఎకరాల చెరువుల ఆసామి.

"ఆపరా! నా రాయి ఇచ్చి పోరా!"

నీ రాయా?!

ట్రాలీలో గోనెపట్టా కింద ఉన్నది పాలరాతి పలక. బందరులో హరిబాబు వంశంవాళ్ల సొంత సమాధుల తోటలోది. దొరల కాలంలో ముత్తాత తలాపున నిలబెట్టింది. మూడు నెలల కిందట దాన్ని ఊడబెరికి యుగంధర్‌కు అమ్మింది...

హరిబాబే!

కొత్త ఫోను కోసం. ఛీ!

అవనిగడ్డ దాటింది. బొలేరో లైట్లు అద్దం నిండా...

రాయి పోయిందని నిన్న పొద్దున సీమోనును పోలీసులు పట్టుకెళ్లారు. ముప్పై ఏళ్లుగా తోటకు కాపలా ఉండి, ఏటా సమాధులకు సున్నం వేసే మనిషి. ఎస్సై అడిగింది ఒక్కటే ముక్క.

"రాయి తీశావా?"

"తీశానండి."

ఎందుకలా అన్నాడు?! తీసింది తను కదా!

ఆ మాట విన్న దగ్గర్నుంచి హరిబాబుకు ముద్ద దిగలేదు. సాయంత్రానికి నాగాయలంక వెళ్లి యుగంధర్ కాళ్లు పట్టుకున్నాడు.

"ఆ రాళ్లు షెడ్డుకి మెట్లుగా వేశాక నా రొయ్యలు మోచేతంత అయ్యాయయ్యా! మొన్నొకటి మా కుక్కనే చెరువులోకి లాక్కుపోయింది. చస్తే ఇవ్వను!"

అందుకే ఈ దొంగతనం. షెడ్డు ముందు రెండు రాళ్లు. రెండూ బోర్లా, పేర్లు నేలకేసి. తిరగేసి చూసుకునే టైం ఎక్కడిది? పైది ఎత్తుకొచ్చేశాడు.

ఇవాళ ఈస్టర్. ఇంకాసేపట్లో చుట్టాలంతా కొవ్వొత్తులతో తోటకు వస్తారు. సమాధుల మధ్య పాటలు, ప్రార్థన. వాళ్లొచ్చేలోపు రాయి దాని చోట ఉండాలి. రాయి దొరికితే సీమోను ఇంటికొస్తాడు. తన పేరూ బయటికి రాదు...

చల్లపల్లి!

సెంటర్లో చెరకు లోడు ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. ఆటో సందులోంచి దూరిపోతుంది. బొలేరో హారన్ వెనకే ఆగిపోతుంది!

బందరు. తెల్లవారుజామున నాలుగు గంటల అయిదు నిమిషాలు.

తుప్పు గేటు కిర్రుమంటుంది. రాయిని గోనెపట్టా మీద ఈడుస్తాడు. చేతులు చీరుకుపోతున్నాయి. ముత్తాత సమాధి ముందు తిరగేస్తాడు. ఫోను లైటు వేస్తాడు. ఆ కొత్త ఫోనే!

ఒంగి చదువుతాడు.

ముత్తాత పేరు కాదు...

'సత్యవేదం.'

పెద్దనాన్న! కానీ పెద్దనాన్న రాయి ఆయన సమాధి మీదే ఉందిగా! అదిగో, పక్కనే! అవే అక్షరాలు. అదే సిలువ. హరిబాబు గోరుతో గీరుతాడు. సున్నం పెచ్చు రాలుతుంది.

లోపల... సిమెంటు!

"గోకకురా. సీమోను పనితనం పాడవుద్ది."

చీకట్లోంచి గొంతు! వెలిగించని కొవ్వొత్తితో ప్రేమమ్మ. సత్యవేదం భార్య. డెబ్భై ఎనిమిదేళ్లు.

"పె... పెద్దమ్మా!"

గేటు దగ్గర బ్రేకులు కీచుమంటాయి. యుగంధర్! చేతిలో తుపాకీ!

"దొరికావురా! చేతులెత్త..." అంటూనే ముసలమ్మను చూసి తుపాకీ దించేస్తాడు. "అమ్మగారూ! మీరా! మొదటి రాయి మీ దగ్గరే కదండీ కొన్నాను! ఏం వంశమండీ మీది? ఒకళ్లు అమ్ముతారు. ఇంకొకళ్లు అమ్మి మళ్లీ ఎత్తుకుపోతారు!"

హరిబాబు పెద్దమ్మ వైపు తిరుగుతాడు.

"తుపానుకి గోడ కూలిపోయిందిరా" అంటుంది ప్రేమమ్మ. "కుక్కలొచ్చి సమాధులు తవ్వేస్తుంటే మీకందరికీ ఫోన్లు చేశాను. ఒక్కడన్నా పలికాడా? గోడ కట్టించడానికి మీ పెద్దనాన్ననడిగే ఆయన రాయి అమ్మాను. ఆయన బతికుండగానూ కాదనలా, ఇప్పుడూ కాదనలా. రాయి తీసింది సీమోనే. సిమెంటు పలక పోసిందీ సీమోనే. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

ఎస్సై ఏ రాయో అడగలేదు... సీమోను అబద్ధం చెప్పలేదు!

"నా కళ్ల ముందే జీపెక్కించార్రా. నోరు పెగల్లేదు నాకు."

ఆమె హరిబాబు వైపే చూస్తోంది. అడగడం లేదు. అడిగినా బాగుండేది!

రోడ్డు మీద పాట... దగ్గరవుతోంది. కొవ్వొత్తులు! యాభై మంది!

"పెద్దమ్మా" అంటాడు హరిబాబు. "పెద్దనాన్న రాయి పెట్టేద్దాం. ఎవరికీ తెలీదు..."

"సీమోనుకి తెలుసు."

గేటు తెరుచుకుంటుంది. పాట హోరెత్తుతుంది.

ప్రేమమ్మ ఒక్క అంగ వేస్తుంది. యుగంధర్ చేతిలో తుపాకీ లాగేసుకుంటుంది. ఆకాశంలోకి ఎత్తుతుంది!

ఢాం!

బందరు కాకులన్నీ ఒక్కసారే లేస్తాయి. పాట ఆగిపోతుంది.

"సీమోను దొంగ కాదు!" ముసలి గొంతు తోటంతా మోగుతుంది. "మొదటి రాయి అమ్మింది నేను!"

అంతే. ఆపేస్తుంది. హరిబాబు వైపు తిరుగుతుంది.

యాభై కొవ్వొత్తులూ అటే తిరుగుతాయి.

హరిబాబు చేతిలోంచి ఫోను జారి ముత్తాత సమాధి మీద పడుతుంది. అద్దం భళ్లుమంటుంది.

"రెండోది..." అంటాడు.