దుకాన్ బఢాలో

నాకు నోరెక్కువ, హిందీ తక్కువ. రాయపూర్ వచ్చిన కొత్తలో "కిత్నా", "నహీ" అనే రెండు మాటలతోనే సంసారం ఈదేశాను.

మోవాలో పెద్ద రోడ్డు మీద కొత్తగా షాపింగ్ కాంప్లెక్స్ కట్టారు. ఉర్లాలో ఫ్యాక్టరీ పని పోయాక మా ఆయన సూరిబాబు ఉన్నదంతా ఊడ్చి అందులో ఒక షట్టరు తీసుకున్నాడు. నేను జాకెట్లు కుట్టేదాన్ని. బీర్‌గావ్ నుంచి మన తెలుగువాళ్ళు బస్సెక్కి మరీ వచ్చేవారు. మా పక్కనున్న చివరి షట్టరు ఎప్పుడూ మూసే ఉండేది. దాని అవతల మురిక్కాలవ, ఆపైన పొలాలు.

రోజూ దీపాలు పెట్టేవేళకి ఆ షట్టరు ముందు మెట్టు మీద ఒక ముసలమ్మ కూర్చునేది. ముసుగులోంచి మెల్లగా అనేది.

"బహూ, దుకాన్ బఢాలో."

బహూ అంటే కోడలని తెలుసు. బఢానా అంటే పెంచడమనీ తెలుసు. ఓలమ్మ, ఎంత మంచి మనసో, కొట్టు పెద్దది చేసుకోమంటోంది అనుకుని దణ్ణం పెట్టేదాన్ని. ఆవిడ మాత్రం ఏడుపు గొంతుతో మళ్ళీ అదే మాట అనేది.

ఆ మాట మా ఆయన చెవిన వేశాను. పక్క గది కావాలంటే ఓనరు వెంటనే సరేనన్నాడు. తాళంచెవి ఇచ్చాడు గానీ, చూపించడానికి రాలేదు. నడిమి గోడ కొట్టించాం. లోపల్నుంచి తడిమట్టి వాసన, ఆరిన వత్తి కమురు వాసన వచ్చాయి. మూసేసిన గది, కంపు కొట్టదా మరి అనుకున్నాం.

ఆ సాయంత్రమే గది కొలుద్దామన్నాడు మా ఆయన. నా టేపు ఒక కొస నా చేతిలో పెట్టి, "నేను చెప్పేదాకా కదలకు, తర్వాత జరుపుకుంటూ కొలుద్దాం" అని రెండో కొసతో చీకట్లోకి వెళ్ళాడు.

అప్పుడే జాకెట్టు కోసం కమల వచ్చింది. రైల్వే నర్సు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ముసలమ్మ దీవెన గురించి గొప్పగా చెప్పాను. పకపకా నవ్వింది.

"అయ్యో అక్కా! కొట్టు మూసెయ్ అనడం అశుభమని ఇక్కడ బఢావ్ అంటారు. మనం దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటామే, అలాగ. చీకటి పడకముందే కట్టేసి పొమ్మంటోంది." నవ్వు ఆపి మెట్టు వైపు చూసింది. "ఏ ముసలమ్మ? ఇక్కడ బడ్డీ ఉన్నావిడా? కాంప్లెక్స్ కట్టకముందే ఆవిడ..."

మెట్టు ఖాళీగా ఉంది.

ఈ పరాయి ఊళ్ళో నాకున్నది ఆయనొక్కడే.

"ఏవండీ! వచ్చేయండి!"

"ఉండవే... గోడ ఇంకా రాలేదు."

"మీకు దణ్ణం పెడతాను, వచ్చేయండి!"

"ఇంకా ఉందే... చాలా ఉంది..."

గొంతు సన్నబడిపోయింది. కాలవ దాటి, పొలాల్లోంచి వస్తున్నట్టుంది.

లోపలెక్కడో చిన్న దీపం వెలిగింది. ఆరిపోయింది. ముసలి గొంతు నీరసంగా అంది.

"దుకాన్ బఢ్ గయీ, బహూ."

కొట్టు పెరిగిందందో, మూతపడిందందో. నేను అరిచాను. ఆయన పలకలేదు. టేపు మాత్రం నా చేతిలో బిగువుగానే ఉంది... రెండో కొస ఎవరో పట్టుకునే ఉన్నారు.

అది జాకెట్లు కొలిచే టేపు. పట్టుకున్నవాళ్ళు బారెడు దూరంలో ఉండాలి.