చీర పట్టిన చెయ్యి

కరువు గడ్డ మీద పుట్టి, గడ్డలు కోసే డాక్టరైంది రెబెకా. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లలో అనంతపురంలో ఆమె చేతికి పేరుంది. పేరైతే ఉంది గానీ విశ్రాంతి లేదు. నిన్న మూడు ఆపరేషన్లు. ఈ రోజు రెండో శనివారం, బెళుగుప్ప బడిలో ఉచిత రొమ్ము పరీక్షల శిబిరం. ఓపీ చూడాలంటే ఓపిక కావాలి. అది ఇంట్లో ఎక్కడా కనబడక, పొద్దున్నే కాఫీ గ్లాసుతో వంటింటి గడప మీద కూలబడింది.

శిబిరానికి సగం బలం ఆమెతోనే ఉంటున్న తల్లి అక్కమ్మ. ఒకప్పుడు తనతో వేరుశనగ చేలల్లో చెనక్కాయ పెరికిన కూలి ఆడవాళ్ళందరినీ పోగుచేసి తెస్తుంది. బడి గది మూలలో పాత నీలం చీరను రెండు చేతులా ఎత్తి పట్టి తానే తెరగా నిలబడుతుంది. ఆరేళ్ళుగా ఇదే. స్టాండు కొంటామంటే ఒప్పుకునేది కాదు. ఇనుప కడ్డీని నమ్మి ఏ ఆడదీ రవిక విప్పదని ఆమె వాదన.

అలాంటి మనిషి ఆ పొద్దున అల్లుడు శశికుమార్‌ని పిలిచి, తెరకు ఒక స్టాండు తెమ్మంది.

“ఏందత్తా, ఇన్నేండ్లు తెర పట్టి ఇప్పుడు తెరమరుగైతాండావా?” అని నవ్వాడతను.

రెబెకా నవ్వలేదు. గ్లాసు కింద పెట్టింది.

“అమ్మా, కుడి చెయ్యి పైకెత్తు.”

అక్కమ్మ పొయ్యి వైపు తిరిగింది. రెబెకా మళ్ళీ అడిగింది. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది.

“ఎన్ని దినాలాయె?”

“చెనక్కాయ పెరికే కాలం నుంచి. రొమ్ములో ఒకటి, చంకలో గోలీ మాదిరి ఇంగొకటి.”

అంటే నాలుగు నెలలు. రెబెకా గొంతు లేచింది. గడ్డ తగిలిన రోజే రమ్మని ఊరూరా అరిచి చెప్పేది నీ నోరే కదా అని నిలదీసింది. అక్కమ్మ మొదట చిన్నదే అంది. తర్వాత నొప్పి లేదంది. సాకులన్నీ అయిపోయాక అసలు మాట బయటికొచ్చింది.

“దినామూ ఆస్పత్రి నుంచి వచ్చి కండ్లు మూసుకొని కూసుంటావు. ఆ మొగం చూసి, ఇంగొక పేషెంటు ఉండాదని యా నోటితో చెప్పాలమ్మీ?”

రెబెకా తన చేతులకేసి చూసుకుంది. వేల మందిని తడిమి చూసిన చేతులు, తెర పట్టిన మనిషిని ఒక్కసారీ తడమలేదు.

ఇప్పుడే ఆస్పత్రికి పోదామంటే అక్కమ్మ వినలేదు. శిబిరంలో ఆడవాళ్ళు కూలి మానుకొని కూర్చుని ఉంటారంది. సరే, అక్కడికే పోదామంది రెబెకా.

బడి గదిలో జాబితా చేతికి తీసుకుని, అందులో లేని పేరు మొదట పిలిచింది.

“అక్కమ్మ.”

అక్కమ్మ చీరను గుండెకు అదుముకుని నిలబడిపోయింది. కూలి పనిలో ఆమె పాత జత తిమ్మక్క లేచి వచ్చి మెల్లగా ఆ చీర అందుకుంది.

“నేను పట్టుకుంటా. నువ్వు పో అక్కా.”

తెర వెనక రెబెకా చేతులు చాచింది. అక్కమ్మ వాటిని తన అరచేతుల్లోకి తీసుకుని రుద్దింది. ముట్టుకునే ముందు చేతులు వెచ్చ చేసుకోమని మొదటి శిబిరంలో కూతురికి నేర్పింది ఆమే.

గడ్డ ఇంకా కదులుతోంది. చంకలోదీ కదులుతోంది. అంటే లోపల అతుక్కుపోలేదు, ఇంకా చెయ్యి దాటలేదు.

“సోమవారం సూది పరీక్ష. ఆపరేషన్ కావాల్నంటే మా పెద్ద సారు చేస్తాడు. నేను కత్తి పట్టను.”

“మరి నువ్వేం చేస్తావు?”

“నీ చెయ్యి పట్టుకుంటా.”

తెర అవతల తిమ్మక్క మూలిగింది. “తొందరగా కానీయండమ్మా, చేతులు పీకుతాండాయి. ఆరేండ్లు దీన్ని ఎట్ల పట్టుకొనింటివే అక్కమ్మా?”

అక్కమ్మకు నవ్వొచ్చింది. రెబెకాకు మాత్రం, ఇన్నేళ్ళ వృత్తిలో ఏ రోగి ముందూ రాని ఏడుపొచ్చింది. తల్లి భుజం మీద తల వాల్చింది. ఎడమ భుజం మీద.