వేరు కంచం

జ్యోత్స్న కంచం పశువుల కొట్టం గోడకు తగిలించి ఉంది. అత్త సక్రి వేరు చేసిన కంచం అది! కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచి అత్తాకోడళ్లు ఒకే కంచంలో తినడం ఆ తండా ఇంటి పద్ధతి. మిర్చి కోతలప్పుడు జ్యోత్స్న భర్త బలరాంకు ఊపిరితిత్తుల్లో బూజు చేరి, కాలేయంలో చీముగడ్డ లేచి మంచాన పడ్డాక ఆ పద్ధతి పోయింది. హెచ్ఐవీ లేదని రిపోర్టు వచ్చినా సక్రి నమ్మలేదు. "బంగారమసుంటి నా కొడుక్కి ఏదో అంటిచ్చింది" అని ఇంటింటికీ చెప్పింది. మొదట్లో జ్యోత్స్న కుమిలి కుమిలి ఏడ్చింది... తరువాత ఏడుపు కూడా రావడం మానేసింది.

ఈ రోజు ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ సక్రినే అడిగింది.

"అమ్మా, మీ అన్నదమ్ముల్లో ఎవరైనా చిన్నతనంలో పోయారా?"

"ఇద్దరు తమ్ముళ్లు... గడ్డలు లేచి పోయిండ్రు. అమ్మోరి కోపమనుకున్నం."

"కాదమ్మా. రోగాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే తక్కువ. మగపిల్లలకు తల్లి నుంచి వస్తుంది. కొందరికి ఇలా పెద్దయ్యాకే బయటపడుతుంది. ఆడవాళ్లు చాలావరకు బాగానే ఉంటారు కానీ, వాళ్ల కొడుకులకు రావచ్చు. ఇతని కూతురిలోనూ ఈ లోపం ఉంటుంది. ఇది అంటురోగం కాదు, ఎవరి తప్పూ కాదు. ఇతను మాత్రం రోజూ మందులు వాడాలి, కల్లం దుమ్ములోకి ఇక వెళ్లకూడదు."

చండ్రుగొండ బస్సులో బలరాం ముందు సీట్లో కళ్లు మూసుకున్నాడు. కూతురు శ్రావణి జ్యోత్స్న ఒళ్లో నిద్రపోతోంది. ఈ ఘడియ కోసం ఆమె ఎంతగా ఎదురుచూసింది... అత్తను ఏమేం అడగాలో ఎన్నిసార్లు మనసులో అనుకుంది! తీరా వచ్చాక గుండెలో కోపం లేదు, సంతోషమూ లేదు.

"నేనే ఇచ్చిన్నా నా కొడుక్కి? నిన్ను ఎన్ని మాటలంటి బిడ్డా..." సక్రి కోడలి వైపు తిరిగింది.

జ్యోత్స్న కూతురి జుట్టు సవరించింది.

"నీ తప్పంటే, రేపు దీని కొడుక్కి వస్తే దీని తప్పంటరు అత్తమ్మా. ఆ మాట మనింట్ల వద్దు."

ఇంటికి రాగానే సక్రి తిన్నగా కొట్టం దగ్గరికి పోయి కంచం తీసింది. కడిగి, జొన్నరొట్టె, ఎండుమిర్చి కారం వేసి కోడలి ముందు పెట్టి, తానూ ఎదురుగా కూర్చుంది.

"తిందాం రా బిడ్డా."

సక్రి కన్నీళ్లు రొట్టె మీద పడుతున్నాయి. జ్యోత్స్న ఒక ముక్క తుంచి, కారం అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కారానికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయేమో అనుకుంది. తిరగలేదు. ఇంకో ముక్క తుంచింది.