ఎర్ర రసం, తెల్ల మాత్ర

బడి నుంచి వస్తూనే గడుగ్గాయి బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి పరుగెత్తింది. బుట్టలోంచి బాగా పండిన టమాటాలు ఏరి, మిక్సీలో వేసి గిర్రున తిప్పింది. మూత సరిగ్గా పెట్టలేదేమో, గోడంతా ఎర్రని చుక్కలు పడ్డాయి.

"తాతా! ఇది తాగు. గుండెకు మంచిది."

తాత ఒక చేతిలో బీపీ మాత్ర, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. ఎంత ఇరుకు సందులోనైనా బస్సు తిప్పేవాడు గానీ, ఒక్క మాత్రను గొంతు దాటించడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు.

"ఎవరు చెప్పారే?"

"మా సైన్సు టీచర్. టమాటాకి ఆ ఎరుపు లైకోపీన్ వల్ల వస్తుందట. అది యాంటీ ఆక్సిడెంట్ అట. మన ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడుతుందట. గుండెకు మేలు చేస్తుందట!"

"మరి ఈ మాత్రో?"

గడుగ్గాయి ఒక్క క్షణం ఆలోచించింది. "ఇది తాగితే ఇంక అదెందుకు?"

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు తాత ముఖం వెలిగిపోయింది. మాత్రను డబ్బాలో పడేసి, రసం గటగటా తాగేశాడు.

"మీ అమ్మకు చెప్పకే," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి తాతకు రోజూ టమాటా రసమే.

ఒక సాయంత్రం తాత టమాటాల సంచితో మెట్లెక్కుతూ మధ్యలో కూలబడ్డాడు. సంచి జారింది. టమాటాలు ఒక్కో మెట్టు మీదుగా దొర్లుకుంటూ కిందికి పోయాయి.

"తాతా!"

"ఏం లేదమ్మడూ. కళ్లు తిరిగాయి, అంతే."

అలా అన్నాడే గానీ, ఆయన నుదురంతా చెమట. గడుగ్గాయి ఆయన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. ఎదురింటి ఆంటీని కేకేసింది. కుట్టు షాపు నుంచి అమ్మ మెడలో టేపు తియ్యకుండానే పరుగున వచ్చింది. తల్లీకూతుళ్లిద్దరూ తాతను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

డాక్టరు బీపీ చూసి, మళ్లీ ఒకసారి చూసింది.

"బాగా పెరిగింది. మాత్రలు వేసుకుంటున్నారా?"

తాత ఫ్యాను వంక చూశాడు. అమ్మ తాత వంక చూసింది. గడుగ్గాయి తల దించుకుంది.

"నేనే వద్దన్నాను," అంది సన్నగా. "టమాటా రసం ఇచ్చాను."

"దాని తప్పేం లేదు డాక్టరుగారూ," అన్నాడు తాత. "నాకు నచ్చే మాట చెప్పింది. నేనే పట్టుకు వేలాడాను."

"ఏం నాన్నా," అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ, "బస్సు నడిపేటప్పుడు కూడా బ్రేకులు తీసేసి హారన్‌తో సరిపెట్టేవాడివా?"

డాక్టరు మందిచ్చి, కాసేపు పడుకోబెట్టి ఇంటికి పంపింది. రెండు రోజుల తర్వాత మళ్లీ రమ్మంది.

గడుగ్గాయి బుర్ర మాత్రం గజిబిజి అయిపోయింది. టీచర్ అబద్ధం చెప్పారా? టమాటా చెడ్డదా? కంచంలో కనిపించిన టమాటా ముక్కను అనుమానంగా చూసి పక్కకు నెట్టేసింది.

మర్నాడు బడిలో టీచర్ని పట్టుకుంది.

"టీచర్, టమాటా మంచిదా, చెడ్డదా?"

"మంచిదే. ఏమైంది?"

గడుగ్గాయి జరిగిందంతా చెప్పింది. టీచర్ కుర్చీలో కూర్చుండిపోయారు.

"మీ తాతగారు ఇప్పుడెలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాడు. కానీ మీరే కదా గుండెకు మేలు చేస్తుందన్నారు!"

"మేలు 'చేయవచ్చు' అన్నాను."

"రెండూ ఒకటేగా?"

"రేపు సెలవిస్తారు, రేపు సెలవివ్వవచ్చు. ఏది వింటే నువ్వు హోంవర్కు ఎగ్గొడతావు?"

"ఇస్తారంటేనే," అంది గడుగ్గాయి తల గోక్కుంటూ.

"టమాటాలు బాగా తినేవాళ్లలో కొందరికి గుండె జబ్బులు తక్కువని కొన్ని పరిశోధనల్లో కనిపించింది. అది లైకోపీన్ వల్లేనా? వాళ్లు తినే మిగతా కూరగాయల వల్లా? రోజూ నడవడం వల్లా? ఇంకా తేలలేదు."

"మీక్కూడా తెలీదా?"

"నాకూ తెలీదమ్మా. కానీ డాక్టరిచ్చిన మందు మానేసి, దాని బదులు తినేది మాత్రం కాదు. ఆ మాట క్లాసులో నేను చెప్పి ఉండాల్సింది."

గడుగ్గాయికి సగం అర్థమైంది, సగం కాలేదు. టమాటా మంచిదే, కానీ మందు కాదు. మేలు చేయవచ్చు, కానీ ఎంతో తెలీదు. పైగా టీచర్‌కే తెలీని సంగతులు కూడా ఉంటాయా?

సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, తాతకు మాత్రా నీళ్లూ తెచ్చి ఇచ్చింది. తాత ముఖం ముడుచుకుంటూ మింగాడు.

"నోరు తెరువు. నాలుక ఎత్తు."

"నా మీద అంత నమ్మకమా!" అంటూ తాత నోరు తెరిచాడు. మాత్ర లేదు. "మరి నా రసం ఏదే?"

"రోజూ అంతంత తాగొచ్చో లేదో నాకు తెలీదు తాతా. రేపు డాక్టరుగారిని అడుగుదాం."

తాత ముఖం చూసి జాలేసింది. ఒక్క టమాటా కడిగి, ముక్కలు కోసి, తనకు సగం, తాతకు సగం పెట్టింది. తాత ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరించాడు.

"కాస్త ఉప్పయినా చల్లవే!"

గడుగ్గాయి చెయ్యి ఉప్పు డబ్బా దాకా వెళ్లి ఆగిపోయింది.

"అది కూడా అడిగాకే."