మూడు వందల కోట్ల అక్షరాల దొంగలు

"పదకొండున్నరకు అమ్మకం. ఇప్పుడు పది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ 'మొండి' ఎలక్ట్రీషియన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు. డిపార్ట్‌మెంట్ వెక్కిరింపుగా పెట్టిన పేరది. అతనికి మాత్రం తెగ నచ్చింది.

"మనిషి ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మూడు వందల కోట్ల అక్షరాల పుస్తకం ఉంటుంది. వాడేది నాలుగే అక్షరాలు. అందులో ఇరవై వేల దాకా జీన్లు. మొత్తం కలిపి జీనోమ్. మన జీనోమ్ బ్యాంకులో మూడు లక్షల మందికి ఏయే జబ్బు జీన్లున్నాయో చెప్పే జాబితా ఎత్తుకుపోయారు. కొనేది విదేశీ ముఠా. ఇక ఎవర్ని ఏమని బెదిరించాలో వాళ్లకి తెలిసిపోతుంది. ఒక్కటే అదృష్టం, ఆఖరి అక్షరం దాకా చేరితేనే ఆ ఫైల్ తెరుచుకుంటుంది."

"అమ్మేదెవరు?"

చీఫ్ ఫోటో ముందుకు తోశాడు. "మీ ఆవిడ."

మొండికి టీ పొరబోయింది. ఆ పెళ్లి ఫైళ్లలో జరిగిందే. ఆరు నెలలు భార్యాభర్తలుగా నటించి ఒక స్మగ్లర్‌ని పట్టుకున్నారు. ఆమె జీన్ల డాక్టరు, అందగత్తె, డబుల్ ఏజెంట్. రెండు పక్షాలకూ పనిచేస్తూ నిద్ర మాత్రం హాయిగా పోయేది.

"ఇంకోటి," చీఫ్ గొంతు తగ్గింది. "జాబితాలో నీ పేరూ ఉందిరా."

మొండి తండ్రి నలభై రెండో ఏట చేతులు వణికి, మాట పడిపోయి, చివరికి కన్నకొడుకునే గుర్తుపట్టలేక పోయాడు. ఒక్క జీన్‌లో తేడా. కొడుక్కి వచ్చే అవకాశం సగానికి సగం. ముప్పై ఎనిమిదేళ్ల మొండి పరీక్షకు రక్తమైతే ఇచ్చాడు గానీ ఫలితం అడగలేదు. రోజూ గడ్డం గీసుకుంటూ చేతివంక చూసి భయపడేవాడు. కానీ అది అతని సొంత భయం. దాన్ని ఎవరో అమ్ముకోవడమా? ఒళ్లు మండిపోయింది.

అమ్మకం జరిగే సైన్స్ ఎగ్జిబిషన్ హాలు వెనక గది దగ్గర గార్డు అడ్డొచ్చాడు.

"ఎవరు పంపారు?"

"రెండో ఫ్యూజు ఏడుస్తోంది."

గార్డు తప్పుకున్నాడు. ముఠా కోడ్‌వర్డ్ అది. మొండి తన టెస్టర్‌లో దాచిన మైక్‌తో గంటసేపు పొంచి ఉండి సంపాదించాడు.

"రండి, ఏవండీ," అందామె తల తిప్పకుండానే. మెడలో పచ్చల నెక్లెస్, ముందు లాప్‌టాప్. స్క్రీన్ మీద, కొనేవాళ్లకి వెళ్తున్న ఫైల్ తొంభై ఒక్క శాతం. "మీ అడుగుల చప్పుడు నాకు తెలీదా?"

కుడిచేత్తో పిస్టల్ ఎత్తింది. ఎడమచేత్తో ఒక కవరు చాపింది.

"మీ రిపోర్టు. నాన్నగారి జీన్ మీకొచ్చిందో లేదో ఇందులో ఉంది. రెండు నిమిషాలు ఊరుకుంటే ఇది మీదే."

తొంభై నాలుగు. మొండి చూపు కవరుకి అతుక్కుపోయింది. తీసుకోవాలనిపించింది. నిజం చెప్పాలంటే, ఎడమచెయ్యి చాపాడు కూడా. అది చూసి ఆమె నవ్వింది.

"ఇందులో రాసిందే మీరు. అంతకు మించి ఏమీ లేదు."

ఆ మాటతో అతనికి తిక్క రేగింది.

"మా నాన్న నాకిచ్చింది సగమే. మిగతా సగం మా అమ్మది. ఆవిడ జన్మలో ఎవడికీ తల వంచలేదు. నేనెవరో చెప్పడానికి నువ్వెవరే?"

తొంభై తొమ్మిది. మొండి కుడిచేతిలోని టెస్టర్‌ని గోడ సాకెట్‌లో పొడిచి రెండు తీగల్నీ కలిపేశాడు. ఫటేల్మని మెరుపు. లైట్లు, ఏసీ, రౌటర్ అన్నీ ఒక్కసారే చచ్చాయి. పిస్టల్ పేలి గుండు సీలింగ్‌లో దిగింది. బయట కాపు కాసిన మొండి టీమ్ గార్డుని తోసుకుంటూ లోపలికొచ్చేసరికి ఆమె మణికట్టు మొండి గుప్పిట్లో ఉంది. ఫైల్ ఆఖరి శాతం దగ్గరే ఆగిపోయింది.

"తెలుసుకోవాలని లేదా?" బేడీలు పడుతుంటే అడిగింది.

"ఉంది. బుద్ధి పుట్టిన రోజు నా డాక్టర్నే అడుగుతా. నీ చేతి మంచినీళ్లు కూడా తాగను."

ఆఫీసులో చీఫ్ ఆ కవరుని అటూ ఇటూ తిప్పాడు. పెన్సిల్ పోయినా ఫారం నింపించే మనిషాయన. దాన్ని తిన్నగా కాగితాలు ముక్కలు చేసే మెషిన్‌లో వేశాడు.

"సార్! అది సాక్ష్యం!"

"అవున్రా. నేనే నాశనం చేశానని రిపోర్ట్ రాయి. టైపు వద్దు, నీ చేత్తోనే రాయి." చీఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒకటో క్లాసు నుంచీ నీ చేతిరాత అంతేనట కదా. అది ఏ జీన్ పుణ్యమో గానీ, దాన్ని చదవగలిగే జడ్జి ఇంకా పుట్టలేదు."